వధువు తండ్రి పాట

గులాబీ రంగంటే ఎప్పుడూ పడేది కాదు నాన్‌హీకి, కొత్త కోడలిగా వచ్చినప్పుడు కూడా బూడిద రంగో ముదురు నీలమో వేసుకుని మోక్‌పో చేపల సంతలో అత్త పన్‌సిమ్ పక్కన పీట మీద కూర్చునేది, అట్లాంటి మనిషికి ఇవాళ ఈ గులాబీ హాన్‌బోక్, పండగ పట్టు పావడా జాకెట్టు, ఎంత బాగా నప్పిందో అనుకుంటోంది పన్‌సిమ్, పెళ్ళికూతురి తల్లికి గులాబీ, పెళ్ళికొడుకు తల్లికి నీలం, ఎవరు ఎవరి తల్లో వెనక వరసలో ఉన్న ముసలి కళ్ళకి కూడా తెలిసిపోవాలి మరి, ఇద్దరు వియ్యపురాళ్ళూ చేతులు పట్టుకుని, పావడాలు కాళ్ళకి అడ్డం పడకుండా మెల్లిగా నడిచి వెళ్ళి, వేదిక మీద కొవ్వొత్తులు వెలిగించి వచ్చారు, నీలం రంగావిడ చెయ్యి వణికి వత్తి ఒక పట్టాన అంటుకోలేదు, నాన్‌హీ చెయ్యి మాత్రం వణకలేదు, ఆ చెయ్యి మొదటినుంచీ అంతే, నెత్తళ్ళ తలలు తుంచినా బిడ్డ నుదురు తాకి జ్వరం చూసినా ఒక్కలాగే కదిలేది, వెలిగించింది, జనానికి వంగి నమస్కారం పెట్టింది, వచ్చి తల్లి కుర్చీలో కూర్చుంది, పక్క కుర్చీలో హక్‌జూన్, పన్‌సిమ్ కన్నకొడుకు, పాటలు కట్టి పాడేవాడు, ఇద్దరూ విడిపోయి పాతికేళ్ళ పైమాటే, ఇవాళ ఒక్క పూట మళ్ళీ మొగుడూ పెళ్ళాంలా కూర్చున్నారు, వియ్యాలవారి చుట్టాలు వెనకనుంచి చూస్తారు కదా, పెళ్ళికూతురికి అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నారనిపించాలి, రెండు కుర్చీల మధ్య మాత్రం నాన్‌హీ తన పావడా కుచ్చిళ్ళు దగ్గరికి పోగేసి చిన్న గట్టులా పెట్టుకుంది, అది ఎవరికీ తెలియదు, సరిగ్గా వాళ్ళ వెనకే కూర్చున్న పన్‌సిమ్‌కి తప్ప.

పక్కన చెల్లెలు కుత్‌సూన్ ఊరుకునే రకం కాదు, చిన్నప్పటినుంచీ దాని నోటికి గొళ్ళెం లేదు, అక్కా మీవాడు ఎప్పుడు పాడతాడే, మనం కింద భోజనాలకి దిగేసరికి పులియబెట్టిన టేకు చేప అయిపోతుందేమో, ఈ గ్వాంగ్జు మగపెళ్ళివాళ్ళు ఊడ్చుకు తినేస్తారు అని గొణుగుతోంది, పాడతాడులే కాసేపు నోరు మూసుకో అంది పన్‌సిమ్, ఆ గొడుగు పాటేగా అంది కుత్‌సూన్, కాదు, వేరేది, వసంతం మీద ఏదో కొత్తది కట్టాడట, బిడ్డని దీవించే పాట, కుత్‌సూన్ మొహం వాడిపోయింది, వసంతం ఎవడిక్కావాలే, నేను ఏడవడానికి వచ్చాను, రుమాలు ఇస్త్రీ చేసుకుని మరీ తెచ్చుకున్నా, ఏడవడానికి పెళ్ళికొస్తారటే ఎవరన్నా అని కసిరింది గానీ పన్‌సిమ్‌కి తెలియనిదేముంది, మనవాళ్ళ పెళ్ళిళ్ళలో పాడేవి సగం విడిపోయినవాళ్ళ పాటలే, రాగం తియ్యగా ఉంటే చాలు, మాటలు ఎవరు పట్టించుకుంటారు, మొన్నామధ్య కుత్‌సూన్ మనవడి పెళ్ళిలో స్నేహితుడొకడు మోకాళ్ళ మీద కూర్చుని నువ్వు వెళ్ళిన దారిలో మంచు కురుస్తోంది అని గుండెలు బాదుకుంటూ పాడాడు, పెళ్ళికూతురు ఎక్కడికీ వెళ్ళకుండా తెల్ల గౌనులో వాడి ఎదురుగానే నిలబడి ఉంది, అయినా అందరూ చప్పట్లు కొట్టారు, పెళ్ళికొడుకు తండ్రి కళ్ళు తుడుచుకున్నాడు, కష్టంగా ఉన్నా సంతోషంగా ఉన్నా డబ్బులిచ్చి మైకులో పాడుకునే పాటల గదికి పోయి తలుపేసుకుని విడిపోయిన పాటలు పాడుకునే జనం, వీళ్ళకి ఇంకో పాట ఎక్కడినుంచి వస్తుంది, ఏదైనా పాడుకోనీ, ఆ ఒక్కటీ కాకపోతే చాలు.

ఆ ఒక్కటీ పాడడు, మాట ఇచ్చాడు, కొడుకు తనకి ఇచ్చాడు, తను నాన్‌హీకి ఇచ్చింది, చలి ఇంకా పూర్తిగా తగ్గని రోజుల్లో ఎండు నెత్తళ్ళ పెట్టె ఒళ్ళో పెట్టుకుని సున్‌చోన్ బస్సెక్కి, నాన్‌హీ వంట చేసే బడి వెనక గుమ్మం దగ్గర దిగబడింది, రబ్బరు బూట్లతో, తలకి తెల్ల టోపీతో బయటికొచ్చింది నాన్‌హీ, మొహం మీద ఆవిరి చెమట, అత్తయ్యా ఫోన్ చేస్తే నేను రానా అంది, విడిపోయి ఇన్నేళ్ళయినా అత్తయ్యా అనడం మానలేదు ఆ పిల్ల, మామూలు కోడళ్ళు కాపురంలో ఉన్నప్పుడే అనరు, బోర్లించిన బకెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు, ఇసోల్ పంతం పట్టిందే, మా అమ్మ కూర్చోకపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉంచుతా గానీ మేనత్తనీ పిన్నమ్మనీ కూర్చోబెట్టను నాయనమ్మా అంటోంది, పెళ్ళికొడుకు వాళ్ళేమో పెద్ద కుటుంబం, ఖాళీ కుర్చీ చూసి ఏమనుకుంటారో అని నా ప్రాణం కొట్టుకుంటోంది అని చెప్పుకుపోయింది పన్‌సిమ్, నాన్‌హీ ఎప్రాన్ కొసతో చేతులు తుడుచుకుని అంది, వస్తానత్తయ్యా, నా బిడ్డ పెళ్ళికి నేను రాకుండా ఉంటానా, ఆయన పక్కన కూర్చోమంటే కూర్చుంటా, నవ్వమంటే నవ్వుతా, ఫొటోలో భుజానికి భుజం ఆనించమన్నా ఆనిస్తా, ఒక్కటే, ఆ పాట నా చెవిన పడకూడదు, ఆయన మాట నాకొద్దు, మీ మాట కావాలి, మీరు ఇస్తేనే వస్తా, ఇచ్చింది పన్‌సిమ్, ఆ తడి చెయ్యి పట్టుకుని, నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ పాట ఆ హాల్లో మోగదు పో అంది, ఇంటికి రాగానే కొడుక్కి ఫోన్ చేసింది, అమ్మా నాకేమన్నా పిచ్చా, కూతురి పెళ్ళిలో ఆ పాటెందుకు పాడతాను, అన్నాడు, నవ్వాడు కూడా, ఆ నవ్వుకి పన్‌సిమ్ కుదుటపడింది.

ఆ పాట పుట్టిందే నాన్‌హీ ఇల్లు వదిలిన ఏడు, గొడుగు కింద సగం చోటు అని పేరు పెట్టాడు, పాట చలికాలంలో బయటికొచ్చింది, వచ్చిన దగ్గర్నుంచీ టాక్సీల్లో అదే, మంగలి దుకాణాల్లో అదే, ఆడవాళ్ళ స్నానాల శాలలో వీపులు రుద్దుకుంటూ అదే, సంతలో మైకు పెట్టి అమ్మేవాళ్ళు కూడా బేరాల మధ్య అదే వేసేవాళ్ళు, పటాలం కుర్రాళ్ళు విని ఏడ్చారని చెప్పుకున్నారు, టీవీలో ఎవరో అమ్మాయి అడిగింది, ఈ పాటలో మనిషి నిజంగా ఉందా అని, హక్‌జూన్ తల వంచుకుని, కాసేపు ఆగి, వెళ్ళిపోయిన మనిషిని నేనేమీ అనను, ఎక్కడున్నా బాగుండాలి అంతే, అన్నాడు, ఆ ఒక్క మాటతో ఊరు ఊరంతా నాన్‌హీని వెతకడం మొదలుపెట్టింది, పేరు తెలియనివాళ్ళు కూడా తిట్టారు, సంత పక్క జుట్టు కత్తిరించే ఆవిడ పన్‌సిమ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, మీ అబ్బాయిని అట్లా వానలో నిలబెట్టి పోయిన ఆ మహాతల్లి ఏమైందమ్మా అని అడిగేది, నాన్‌హీ పని చేసే వంటశాలలో రేడియోలో ఆ పాట వస్తే వంటావిడలు గరిటెలు ఆపి కళ్ళొత్తుకునేవాళ్ళట, ఎవతో గానీ దానికి పుట్టగతులుండవు అనేవాళ్ళట, నాన్‌హీ వాళ్ళ మధ్యే నిలబడి పడవ తెడ్డంత గరిటెతో పులుసు కలుపుతూ, అవును ఉండవు అని తనూ అనేదట, నవ్వుతూ చెప్పింది ఒకసారి, పన్‌సిమ్ కూడా నవ్వింది గానీ ఆ రాత్రి అన్నం దిగలేదు, తిట్లు తినీ తినీ విసిగిపోయి ఆ పాట వద్దంటోంది పాపం అనుకుంది, అటు కొడుకూ గుర్తొచ్చేవాడు, ఆ తర్వాత వాడు ఎన్ని పాటలు కట్టినా ఒక్కటీ నిలవలేదు, ఎక్కడికి వెళ్ళినా అదే పాడమంటారు, పాడినప్పుడల్లా వాడి గుండె ఎంత కోసుకుపోతుందో, నలిగిపోయాడు నా బిడ్డ, దుఃఖంలో నిలువునా మునిగిపోయాడు అనుకునేది, నిజం చెప్పాలంటే పాటలో మాటలేమిటో పన్‌సిమ్ ఏనాడూ పట్టించుకోలేదు, రేడియోలో వాడి గొంతు రాగానే కత్తి ఆపి వినేది, జలుబు చేసిందా, సిగరెట్లు ఎక్కువయ్యాయా, పొద్దున ఏమన్నా తిన్నాడా, కన్నతల్లి వినేవి అవే, మాటలు వినడానికి ఊళ్ళో జనం ఉన్నారు.

ఉంగరాలు మార్చుకున్నారు, ఇసోల్ వేళ్ళు సన్నం, ఉంగరం వదులైంది, పిల్లలు నవ్వారు, పెళ్ళికొడుకు గన్‌వూ చెవులు ఎర్రబడ్డాయి, మంచివాడిలాగే ఉన్నాడు, మైకు పట్టుకుని హడావుడి చేస్తున్న వాడి స్నేహితుడు, ఇప్పుడు పెళ్ళికూతురి నాన్నగారు పాడతారు అన్నాడు, హాలంతా ఒక్కసారి సర్దుకుని కూర్చుంది, హక్‌జూన్ లేచి కోటు గుండీ పెట్టుకున్నాడు, వయసు మీద పడ్డా మనిషి ఇంకా నిటారుగానే ఉన్నాడు, మైకు అందుకుని, నా బిడ్డ కోసం ఒక వసంతం పాట తెచ్చాను అన్నాడు, అమ్మయ్య అనుకుంది పన్‌సిమ్, వెనకనుంచి ఎవరో గొడుగు అన్నారు, ఇంకెవరో గొడుగు గొడుగు అని అందుకున్నారు, నీలం రంగు వియ్యపురాలు కూడా వెనక్కి తిరిగి చేతులతో తాళం వేసింది, ఆవిడకేం తెలుసు పాపం, హక్‌జూన్ తల వంచుకున్నాడు, టీవీలో వంచుకున్నట్టే, ఇవాళ అది తగదు కదండీ అన్నాడు మైకులో, తగదంటే జనం ఇంకా పట్టుబడతారని వాడికి తెలియదా, సరే మీరింత అడుగుతున్నారు కాబట్టి అన్నాడు, మాట నోట్లో ఉండగానే పియానో మొదలైంది, వేదిక పక్కన ఉన్న పియానో ముందు మనిషి లేడు, వాయిద్యం స్పీకరు పెట్టెల్లోంచి వస్తోంది, వాడి వెనక పెద్ద తెర వెలిగింది, తెర నిండా వాన, వానలోంచి ఇసోల్ చిన్ననాటి ఫొటోలు ఒక్కొక్కటే తేలుతున్నాయి, వాటి కింద పాట మాటలు తెల్లటి అక్షరాల్లో వరసగా, జనం ఇప్పుడు కదా అడిగింది, ఇప్పటికిప్పుడు ఇంత ఎవరు చేసిపెట్టారు, ఫొటోలు ఏరడానికే రోజులు పడుతుంది, ఇసోల్ మొదటి పుట్టినరోజు నాటి ఆ ఫొటో కావాలని తన దగ్గర్నుంచే తీసుకెళ్ళాడు కదా, తను ఫోన్ చెయ్యకముందే, అమ్మా బొమ్మలు వేసి చూపిస్తాం అందరికీ అని, అంటే ఫోన్‌లో నవ్విన రోజుకే వాడి మనసులో ఉంది, జనం చేత అడిగించుకోవడం కూడా అందులో ఉంది, ఎదురుగా నాన్‌హీ మెడ కనిపిస్తోంది, వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తుందేమో, ఇదేనా అత్తయ్యా మీ మాట అంటుందేమో అని పన్‌సిమ్ అటే చూసింది, ఆ మెడ తిరగలేదు.

లేచి వెళ్ళి ఆపాలి అనుకుంది, ఆపితే ఏమవుతుంది, బిడ్డ పెళ్ళి నవ్వులపాలవుతుంది, నాయనమ్మకి మతి చెడిందంటారు, అందుకని కూర్చున్న చోటునుంచే తెర వైపు చూసింది, డెబ్బై దాటాక నేర్చుకున్న చదువు తనది, వార్డు ఆఫీసు మేడ మీద ముసలమ్మల బడిలో, పక్కన కూర్చున్న ముసలమ్మలు కునికిపాట్లు పడుతుంటే తను మాత్రం కళ్ళు చించుకుని దిద్దుకుంది, ఇప్పటికీ కూడబలుక్కుంటూనే చదువుతుంది, బస్సు బోర్డులు చదివే లోపల బస్సు వెళ్ళిపోతుంది, కానీ ఇది నెమ్మది పాట, అక్షరాలు తెర మీద నిలబడి తన కోసం ఆగుతున్నాయి, సాయంత్రం వానలో, స్టాపులో, నిలబడ్డాను, గొడుగు కింద సగం చోటు నీకోసం ఉంచాను, కుత్‌సూన్ అప్పుడే రుమాలు విప్పింది, పుల్ల విరిగిన గొడుగులోంచి ఎడమ భుజం తడిసింది, బస్సు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక అడుగు ముందుకు వేశాను, చదువుతూ చదువుతూ పన్‌సిమ్ కనుబొమలు ముడిపడ్డాయి, వీడు ఎప్పుడు నిలబడ్డాడు స్టాపులో, ఆ రోజుల్లో పాటల కంపెనీ వాళ్ళు వ్యాను పంపేవాళ్ళు, బస్సు వాసనకి కడుపులో తిప్పుతుందని ఎక్కేవాడే కాదు, నాన్‌హీ వెళ్ళిన రోజున వానెక్కడిది, పెళపెళలాడే ఎండ, మేడ మీద చేపలు ఆరేసి ఉన్నాయి, వాడు సియోల్లో ఉన్నాడు, పొద్దెక్కేదాకా పడుకుని ఉండుంటాడు, కోడల్నీ మనవరాల్నీ బస్సెక్కించింది తను, నెత్తళ్ళ మూట చేతికిచ్చింది తను, పోనీలే పాటలన్నాక కాస్త కల్పించరా అనుకుంది, వాడి గొంతు పైకి లేచింది, జనం ఎదురుచూసే చోటు అదే, అక్కడ గొంతు పగిలినట్టు పాడతాడు, తెర మీద అక్షరాలు మారాయి, వీపు మీద, నిద్రపోయే, బరువుని, సవరించుకుంటూ, నీకోసం చూశాను, వెనక ఎవరో వెక్కారు, చూశావా అక్కా అంది కుత్‌సూన్ ముక్కు చీదుకుంటూ, దుఃఖాన్ని వీపు మీద నిద్రపోయే బరువన్నాడు, మా కోడలు ఈ మాటకే పడి ఏడుస్తుంది, ఎట్లా తట్టిందో మీవాడికి, పన్‌సిమ్ ఆ మాటే మళ్ళీ కూడబలుక్కుంది, వీపు మీద నిద్రపోయే బరువు దుఃఖం కాదు, ఇసోల్.

ఏడాది దాటిన ఇసోల్, బొంతగుడ్డతో నాన్‌హీ వీపుకి కట్టిన ఇసోల్, నోట్లో వేలుతో, బుగ్గ తల్లి వెన్నుకి ఆనించి, నాన్‌హీ ఇల్లు వదలకముందు ఒక రోజు, వ్యాను దొరకలేదు, సాయంత్రం బస్సుకే వస్తున్నానని ఫోన్ చేశాడు హక్‌జూన్, నాన్‌హీ పొంగిపోయి వాడికిష్టమని నత్తగుల్లల పులుసు పొయ్యి మీద పెట్టి, వానొస్తోందని గొడుగు తీసుకుని స్టాపుకి వెళ్ళింది, బస్సులన్నీ అయిపోయాక తిరిగొచ్చింది, వీపు మీద బిడ్డ పొడిగా ఉంది, తన ఒళ్ళంతా నీళ్ళు కారుతోంది, పులుసు ఇగిరిపోయి గుల్లలు గిన్నెకి అంటుకున్నాయి, వాడు మర్నాడు మధ్యాహ్నం కంపెనీ వ్యానులో దిగాడు, పని పడింది అన్నాడు, గోడకి ఆనుకుని గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు, నాన్‌హీ గుమ్మంలో నిలబడి చెప్పింది, అరవలేదు, ఏడవలేదు, ఒక్కొక్కటే చెప్పింది, గొడుగు పుల్ల విరిగిపోయింది, ఈ భుజమంతా తడిసింది, తలుపు తెరుచుకున్నప్పుడల్లా మీరేనేమో అని ఒక అడుగు వేసేదాన్ని, సగం గొడుగు ఖాళీగానే పట్టుకున్నా, మీరు దిగగానే తడవకూడదని, వీపు మీద ఇది నిద్రపోయి బరువెక్కింది, ఎగదోసుకుంటూ చూశాను మీకోసం, అప్పుడు పన్‌సిమ్ వంటింట్లో క్యాబేజీ ఆకుల మధ్య ఉప్పు చల్లుతోంది, చెయ్యి ఆపి తలుపు సందులోంచి చూసింది, హక్‌జూన్ తలెత్తలేదు, పెళ్ళాం మొహం చూడలేదు, కానీ వింటున్నాడు, నిశ్చయంగా వింటున్నాడు, పోనీలే, విననైనా వింటున్నాడు, మనసు కరుగుతుంది, అనుకుని మళ్ళీ ఉప్పు చల్లుకుంది, వాడి వేలు ఒక తీగ మీద మెల్లిగా కదలడం చూసింది, ఒకటే తీగ, మళ్ళీ మళ్ళీ, అదే రాగం ఇప్పుడు హాలంతా నిండి ఉంది.

పెళ్ళికూతురు ఏడుస్తోంది, తన చిన్ననాటి ఫొటోలు చూసి నాన్న ప్రేమకి కరిగిపోయి, ఎవరి వీపు మీద నిద్రపోయిందో తెలియని పిల్ల, ఆ బరువు తనే అని తెలియని పిల్ల, రెండు పక్కల నుంచీ ఫోన్లు లేచాయి, కొన్ని హక్‌జూన్ వైపు, కొన్ని కాస్త వంకర తిరిగి నాన్‌హీ వైపు, తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చెవిలో చెబుతున్నారు, అదిగో ఆవిడే, ఆ పాటలో ఆవిడ, గులాబీ రంగులో ఏమీ ఎరగనట్టు కూర్చుంది చూడు, కన్నీటి చుక్కన్నా లేదు చూడు, కుత్‌సూన్ కూడా ఆ మెడ వైపు చూసి, రాయే అక్కా ఈ మనిషి, అంది, నోరు మూసుకో అంది పన్‌సిమ్, ఈసారి గొంతు ఎట్లా వచ్చిందో ఏమో కుత్‌సూన్ నిజంగానే మూసుకుంది, పాట అయిపోయింది, చప్పట్లు, హక్‌జూన్ వేలి చివరతో కంటి కొస తుడుచుకుని వచ్చి నాన్‌హీ పక్కన కూర్చున్నాడు, మైకు కుర్రాడు తనూ ముక్కు ఎగబీల్చుకుంటూ ఇక తల్లిదండ్రులకి నమస్కారం అన్నాడు, పిల్లలిద్దరూ నేల మీద తలలు ఆనించారు, ఇసోల్ లేచి ముందు తండ్రి మెడ కౌగిలించుకుంది, చాలాసేపు, తర్వాత తల్లిని, నాన్‌హీ కూతురి వీపు మీద చెయ్యి వేసి మెల్లిగా తట్టింది, నిద్రపుచ్చేటప్పుడు తట్టినట్టు, ఆ చెయ్యి అప్పుడు కూడా వణకలేదు.

కింద భోజనాల హాల్లో గిన్నెల చప్పుడు, పళ్ళేలు పట్టుకుని జనం బారులు, అదే హాల్లో తర్వాత జరిగే పెళ్ళివాళ్ళు కూడా కలిసిపోయి ఎవరు ఎవరి చుట్టాలో తెలియడం లేదు, కుత్‌సూన్ టేకు చేప కోసం పరుగెత్తింది, పన్‌సిమ్ ఓ మూల బల్ల దగ్గర ఒక్కతే కూర్చుంది, ముందున్న నూడుల్స్ చల్లారిపోతున్నాయి, నాన్‌హీ వచ్చింది, పావడా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో పళ్ళెం, పక్కన కూర్చుని ముళ్ళు తీసిన చేప ముక్క అత్త గిన్నెలో పెట్టింది, తినండత్తయ్యా, పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు, అంది, నా మాట పోయిందే నాన్‌హీ అంది పన్‌సిమ్, పోయింది మీ మాట కాదులెండి, అంది నాన్‌హీ, ఇంకో ముక్క ఒలుస్తూ, పన్‌సిమ్ అడిగేసింది, ఆ స్టాపులో నిలబడింది నువ్వే కదే, ఒలుస్తున్న చెయ్యి ఆగింది, మొదటిసారి ఆగింది, ఇప్పుడు తెలిసిందా అత్తయ్యా, అంది, ఇవాళే చదివాను, అంది పన్‌సిమ్, నాన్‌హీ చాలాసేపు తన ఎడమ భుజం వైపు చూసుకుంది, అక్కడ ముడత కూడా లేని గులాబీ పట్టు ఉంది, తర్వాత మెల్లిగా అంది, తిట్లకి నేను బాధపడలేదు అత్తయ్యా, తిట్టేవాళ్ళకి నేనెవరో తెలియదుగా, మొదటిసారి రేడియోలో విన్నప్పుడు గరిటె జారిపోయింది, నేను నిలబడ్డ చోట ఆయన నిలబడ్డాడు, నా గొడుగు, నా బిడ్డ, నా వాన, అన్నీ ఆయనవైపోయాయి, నేను వెళ్ళిపోయినదాన్నయ్యాను, ఇదిగో నేను ఎదురుచూశాను అని ఎవరికైనా చెప్పుకుందామంటే, ఆ పాటలోది తీసుకుని చెబుతోంది అంటారు, నాకు చెప్పుకోవడానికి కూడా మిగల్చలేదు, అంతే, కోపం కూడా అయిపోయింది, మీరు తినండి, అని మళ్ళీ ముళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

పన్‌సిమ్ చేప ముక్క నోట్లో పెట్టుకుంది, రుచి తెలియలేదు, ఊళ్ళకి ఊళ్ళు ఏడ్చాయే, టాక్సీల్లో, వంటశాలల్లో, స్నానాల శాలల్లో, వానలో బిడ్డని వీపున కట్టుకుని నిలబడ్డ మనిషి కోసం ఏడ్చారు, ఏడ్చి కళ్ళు తుడుచుకుని ఆ మనిషినే తిట్టారు, ఏడ్చిందీ నాన్‌హీ కోసమే, తిట్టిందీ నాన్‌హీనే, ఇంతలో బల్లల మధ్యనుంచి హక్‌జూన్ వస్తున్నాడు, ఎవరో వీపు నిమురుతున్నారు, ఎవరో చెయ్యి పట్టుకుని వదలడం లేదు, కళ్ళు ఎర్రగా, మొహం వెలుగుతూ, వాణ్ణి చూడగానే నాన్‌హీ పళ్ళెం తీసుకుని లేచి, ఇసోల్ పిలుస్తోందత్తయ్యా అని వెళ్ళిపోయింది, ఎవరూ పిలవలేదు, హక్‌జూన్ ఆ కుర్చీలోనే కూర్చున్నాడు, అమ్మా, ఏం చెయ్యను, జనం వదల్లేదు, అన్నాడు, తెర గురించి అడుగుదామనుకుంది, ఫొటో గురించి అడుగుదామనుకుంది, అడిగితే తల వంచుకుంటాడు, కాసేపు ఆగుతాడు, ఆ తర్వాత ఏదో మంచి మాట అంటాడు, ఆ మాట కూడా ఎవరిదో, గొంతు బాగుందా అమ్మా, అన్నాడు, ఇన్నేళ్ళూ ఆ గొంతులో జలుబే వెతికింది, ఆకలే వెతికింది, దుఃఖం ఉందా అని వెతకలేదు, ఉందనే అనుకుంది, బాగుందిరా అంది, అలవాటుగా చెయ్యి చాచి వాడి కోటు ఎడమ భుజం తడిమింది, నూలుపోగో వెంట్రుకో ఉంటే తీసేద్దామని తల్లులు తడిమినట్టు, మెత్తగా, వెచ్చగా, పొడిగా ఉంది భుజం, ఇన్నేళ్ళూ దుఃఖంలో నిలువునా మునిగిపోయాడని ఎవడి కోసం తను కుమిలిందో ఆ బిడ్డ పుట్టి బుద్ధెరిగాక ఎవరి కోసమూ ఒక్క చినుక్కైనా తడవలేదు.